స్పందన లేని మిత్రుల తొలగింపు

ఒక మనిషికి మిత్రులెందరో తేల్చే అధికారం ఇంతకాలం ఆ మనిషి చేతిలోనే ఉండిపోవడం నాగరికత చేసిన పెద్ద పొరపాటు. ఆ పొరపాటును మా మేడ మీద గదిలో, పద్నాలుగు కీబోర్డుల మధ్య కూర్చుని, మా బావమరిది సరిదిద్దాడు.

అతనికి కంప్యూటరంటే ప్రాణం. పదేళ్లుగా సొంత వెబ్‌సైట్ నడుపుతున్నాడు. అందులో మూడు పేజీలు: నా అభిరుచులు, నా మిత్రులు, నాకు నచ్చిన లింకులు. అభిరుచుల పేజీలో పాత ప్రింటర్లు ఏవి ఏ రకంగా మూలుగుతాయో వివరంగా రాశాడు. లింకులు రెండు వందల పన్నెండు. వాటిలో ఒకటి, ఎక్కడో ముక్కూ మొహమూ తెలియని ఆఫీసులో ఒక మొక్క కుండీ మీద పెట్టిన కెమెరా. ఆ మొక్కకు ఎవరు ఎన్నింటికి నీళ్లు పోశారో అతనికి నోటికి వచ్చు. (అతని కిటికీలో ఉన్న మొక్క ఎండిపోయి ఏడాదయింది. దానికి కెమెరా లేదు.)

లింకులు చెడిపోతుంటాయట. అందుకని ఒక ప్రోగ్రాం రాశాడు. అది రోజూ పొద్దున ఆరింటికి ఒక్కో లింకు తలుపూ తడుతుంది. మూడు రోజులు వరసగా ఎవరూ పలక్కపోతే ఆ లింకును పేజీలోంచి తీసేస్తుంది. ఇది చక్కగా పనిచేయడంతో, పక్క పేజీలో మిత్రులు ఏ తనిఖీ లేకుండా పడి ఉండడం అతనికి అన్యాయంగా తోచింది. అప్పటినుంచి మిత్రులందరికీ పొద్దున ఆరింటికి 'ఉన్నారా?' అని మెయిల్ వెళ్లడం మొదలైంది. గడువు మూడు రోజులు.

మొదటి వారంలో ఇరవై మంది పోయారు. గడియారాలు బాగుచేసే ఆయన 'ఉన్నాను, నీకేమైనా అయిందా?' అని రాశాడు కానీ నాలుగో రోజు రాశాడు. కళ్లజోళ్ల దుకాణం ఆయన మెయిల్ చూసి నేరుగా మేడ మీదికే వచ్చి గంటసేపు కబుర్లు చెప్పి వెళ్లాడు. అది స్పందన కిందికి రాదని తేలింది.

రెండో వారంలో మా ఆవిడ పేరు పోయింది.

పేజీలో మొట్టమొదటి పేరు ఆమెదే. 'మా అక్క' అని ఉండేది. ఇప్పుడక్కడ 'స్పందన లేదు, తొలగించబడింది' అని ఉంది. తమ్ముడికి రోజూ మధ్యాహ్నం పద్దెనిమిది మెట్లెక్కి క్యారియర్ ఇచ్చి వచ్చే మనిషి నా ఫోన్లో ఆ మాట చూసి, "నేను లేనని రాశాడా?" అని అడిగింది. ఆ పూట కూరలో ఉప్పు లేదు. (దానికి ఫిర్యాదు ఫారం లేదు కనుక తినేశాను.) ఆమె తనంతట తాను అడగదు. పేరు మళ్లీ పెట్టించే బాధ్యత నా మీద పడింది.

పైకి వెళ్లాను.

"అక్క పేరు తీసేశావేమిటయ్యా?"

"నేను తీయలేదు బావా. ప్రోగ్రాం తీసింది."

"అది రాసింది నువ్వేగా?"

"రాశాను. కానీ జోక్యం చేసుకోను. అక్క కోసం చేసుకుంటే రేపు అందరికీ చేసుకోవాలి."

అప్పీలు చేసుకుంటానన్నాను. అప్పీలు అధికారి భోజనం చేస్తున్నారని, అరగంట ఆగమని చెప్పి, మా ఇంటి క్యారియర్ విప్పాడు. చేతులు కడుక్కుని వచ్చి అప్పీలు అధికారి హోదాలో కూర్చుని, నేనెవరినని అడిగాడు.

నాకు మైత్రీ పునరుద్ధరణ దరఖాస్తు దొరికింది. 'పరిచయం ఎన్నాళ్లుగా?' అన్నచోట 'అతను పుట్టిన పొద్దునుంచి' అని రాయబోయాను. గడిలో పట్టలేదు. చివర ఇద్దరు మిత్రుల సిఫార్సు కావాలని ఉంది. అప్పటికి పేజీలో మిగిలిన మిత్రుడు ఒక్కడే. ఆయన తూనికల ఆఫీసులో గుమాస్తా. ఆరేళ్లుగా ఏ మెయిల్ వెళ్లినా రెండు క్షణాల్లో 'నేను సెలవులో ఉన్నాను, తిరిగి రాగానే మీ విషయం పరిశీలిస్తాను' అని జవాబు వస్తుంది. అంత నమ్మకస్థుడు మరొకడు లేడని మా బావమరిది అభిప్రాయం. సిఫార్సు కోరుతూ ఆయనకే రెండుసార్లు మెయిల్ పంపాను. రెండు జవాబులు వచ్చాయి. ప్రోగ్రాం జవాబులను లెక్కపెడుతుంది గానీ మనుషులను కాదు. మా ఆవిడ పేరు తిరిగి ఎక్కింది.

నేను రోజూ పొద్దున దేవుడి ముందు కూర్చుని నాలుగు మాటలు చెప్పుకుంటాను. ఇన్నేళ్లలో మూడు రోజుల గడువులో జవాబు వచ్చినట్టు గుర్తు లేదు. నేనాయన్ని తీసేయలేదు. (ఆయన నన్ను తీసేశాడేమోనని మాత్రం ఈ మధ్యే అనుమానం కలుగుతోంది.)

పేరు ఎక్కించడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తు. కళ్లజోళ్ల ఆయన ఉపాయం చెప్పాడు: సెలవు గుమాస్తా మాదిరే మా ఆవిడ మెయిల్ కూడా దానంతటదే జవాబిచ్చేలా అమర్చవచ్చు. ఏం రాయమంటావని ఆమెను అడిగాను. "తిన్నావా అని రాయండి," అంది. అంతేనా అన్నాను. "వాణ్ణి ఇంకేం అడుగుతాను?" అంది.

ఆ మర్నాటి నుంచి 'ఉన్నారా?' అని వస్తే 'తిన్నావా?' అని వెళ్లేది. మూడు రోజులు మా బావమరిది స్వయంగా 'తిన్నాను అక్కా' అని రాశాడు. నాలుగో రోజు, ఒకే జవాబు రోజూ చేత్తో రాయడం వృథా అని ఆ పని కూడా ప్రోగ్రాంకు అప్పగించాడు. ఆరు గంటల అయిదు సెకన్లకల్లా అక్కా తమ్ముళ్ల పలకరింపులు పూర్తయ్యేవి. మా ఆవిడ లేవగానే ఫోన్ చూసుకుని, "బయటెక్కడో ఏర్పాటు చేసుకున్నట్టున్నాడు, మంచిదే," అని క్యారియర్ పంపడం మానేసింది. (పొద్దున ఆరింటికి ఎవరు భోంచేస్తారన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. రాసి ఉంది కదా.)

క్యారియర్ ఆగిన మూడో రోజు మధ్యాహ్నం అతను పద్దెనిమిది మెట్లూ దిగి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"అక్కా, క్యారియర్ రావడం లేదు."

"తిన్నానని రాస్తున్నావుగా."

"అది నేను కాదు. ప్రోగ్రాం."

ఆమె కంచం పెట్టింది.

"అడిగేది కూడా నేను కాదులే. కూర్చో."

గంటన్నర తిన్నాడు. ఇద్దరూ ఏవేవో చిన్ననాటి సంగతులు మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రమే ఆమె నా చేత ఆ జవాబు తీయించేసింది. అప్పటినుంచి అతను రోజూ కిందికే వచ్చి భోంచేస్తున్నాడు.

నాలుగో రోజు పొద్దున ఆమె పేరు మళ్లీ పోయింది. ఆ సంగతి ఆమెకు అతనే చెప్పాడు, కంచంలో రెండోసారి కూర వేయించుకుంటూ.

పేజీలో ఇప్పుడు ఒక్కరే మిత్రుడు. ఆయన ఇంకా సెలవులోనే ఉన్నారు.