మంత్రిగారి చెవి ఎత్తు

"ఇకపై ప్రజల గొంతు నా ఇంట్లోనే కూర్చుని వింటాను" అని మంత్రిగారు ప్రకటించారు. పత్రికలు మురిసిపోయాయి. మాట్లాడే మంత్రులు వీధికొకరు, వినే మంత్రి ఎక్కడ దొరుకుతాడు? పీఏ గుండెల్లో మాత్రం రాయి పడింది. వినిపించాల్సింది అతనే మరి.

ఫిర్యాదులు రికార్డు చేయించి, హాల్లో రెండు పెద్ద స్పీకర్లు పెట్టించాడు. అర్జీదారులు హాల్లోనే ఓ పక్కన నిలబడ్డారు. మొదటి గొంతు ఒక ముసలమ్మది.

"అయ్యా, మా కుళాయిలో మురుగునీళ్లొస్తున్నాయి. అవి తాగి నా మనవరాలు ఆస్పత్రిలో పడింది."

మంత్రిగారు మొహం చిట్లించారు. "ఏమిటయ్యా, కుండలో తలపెట్టి మాట్లాడినట్టుంది?"

"తప్పు ఆవిడది కాదు బావా, గోడది" అన్నాడు, సౌండ్ సలహాదారుగా అప్పుడే నియమితుడైన బావమరిది. "స్పీకర్లు బీరువాల మీద, మూలల్లో పెడితే గుయ్యిమనక ఏం చేస్తాయి? స్టాండ్లు తెప్పించు. చెవి ఎత్తుకు రావాలి. గోడకి దూరంగా జరగాలి."

స్టాండ్లు వచ్చాయి. టేపుతో మంత్రిగారి చెవి ఎత్తు కొలిచారు. అయితే వింటూ వింటూ వారు కునుకులోకి జారడం రివాజు. జారితే చెవీ జారుతుంది. అందుకని దూరదృష్టితో స్టాండ్లు కాస్త కోయించారు. స్పీకర్లను హాలు మధ్యకు జరిపి, వాటికి సమదూరంలో మంత్రిగారి కుర్చీ వేశారు.

"ఆ ఒక్క కుర్చీలోనే బాగా వినబడుతుంది బావా."

"మిగతావాళ్లకో?"

"వాళ్లు వినేదేముంది, చెప్పేవాళ్లేగా! అసలు ఈ జనం హాల్లో ఉంటే సౌండంతా పీల్చేస్తారు."

అర్జీదారులను గేటు బయటికి పంపారు. అందులో ముసలమ్మా ఉంది.

"ఆ పెట్టెలో ఉన్నది నా మాటే కదా నాయనా? నేనే చెప్పుకుంటా" అంది.

"నీ గొంతు లోపలే ఉందమ్మా, నువ్వు బయటికి నడు" అన్నాడు పీఏ. అని, సిగ్గుతో తల దించుకున్నాడు.

మంత్రిగారు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. పీఏ ప్లగ్గు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లబోయాడు. స్పీకర్లు జరిగాయి గానీ వైరు పెరగలేదు. సగం దూరంలోనే ఆగిపోయింది.

"అయ్యా! పిల్లకి ఒళ్లు కాలిపోతోందయ్యా! ఆ నీళ్లొక్కసారి వచ్చి చూడండయ్యా!"

"ఆహా!" అన్నారు మంత్రిగారు. "ఏం క్లారిటీ! గేటు దగ్గర నిలబడి ఏడ్చినట్టే ఉంది!"

"స్టాండ్ల మహిమ బావా!"

పీఏ చేతిలోని ప్లగ్గు వంక చూసుకున్నాడు. "సార్, అది..."

"ష్! మధ్యలో ఏదో కారు హారన్ కలుస్తోంది. ముందా కిటికీ మూయ్."

పీఏ కిటికీ మూశాడు.

మంత్రిగారు కళ్లు తెరిచారు. "ఏమయ్యా, ఆగిపోయిందేం?"

"సమస్య పరిష్కారమైపోయింది సార్" అన్నాడు పీఏ, ప్లగ్గు వీపు వెనక్కి దాచుకుంటూ.