డైమండు రెండు దిగ్విజయము

మన పురోహితులు సంకల్పంలో క్రౌంచద్వీపమని పిలిచే అమెరికా భూఖండమందు, మిషిగన్ మండలమందు, మోటారు వాహనాలకు పుట్టినిల్లైన డెట్రాయిటు మహానగరానికి వాయవ్య దిశగా వెలసిన ఫార్మింగ్టన్ హిల్స్ అనే పురమునందు, హిమపాతము కార్ల నెత్తిన జానెడెత్తు కిరీటాలు పెట్టి విశ్రమించిన ఒకానొక ఫిబ్రవరి శనివారం నాడు, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాల శుభవేళ, కమ్యూనిటీ సెంటరు రెండవ గదిలో, సమోసాల పరిమళమూ హీటరు ఘోషా ఏకమైన చోట, ఒక మడతబల్ల మీద జరిగిన మహాసంగ్రామాన్ని ఆలకించండి. అందులో రక్తం చిందలేదు. టీ మాత్రం కొంచెం చిందింది.

ఆ సంగ్రామం పేరు బ్రిడ్జి. యోధులు నలుగురు, జట్లు రెండు, అస్త్రాలు యాభై రెండు పేకముక్కలు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు; మొదట పడిన జాతిలో పెద్ద ముక్క వేసినవారు దాన్ని గెలిచి, తర్వాతి పట్టుకు ముందు ముక్క వేస్తారు. ఎదురెదురుగా కూర్చున్నవారు ఒక జట్టు. కానీ ఒకరి ముక్కలు మరొకరికి కనబడవు. చెప్పకూడదు, కన్ను గీటకూడదు, అర్థవంతంగా దగ్గకూడదు. ఆటకు ముందు సాగే వేలంపాటలో పలికిన రెండు మూడు మాటలను బట్టి, బల్ల మీద పడ్డ ముక్కను బట్టి జతగాడి అంతరంగాన్ని ఊహించాలి. పెళ్లయి ముప్పై ఏళ్లయినవారికి కూడా ఇది కష్టమని అంటారు.

తూర్పు దిక్కున కూర్చున్నది వసుమతి. మితభాషిణి, నతవదన, పల్లెటూరి బడిలో వేళ్లు మడవకుండా లెక్కలు చేయడం నేర్చిన మానసగణిత ధురంధర. పదకొండు వారాల క్రితం ఆమె ఈ గదికి టీ పోయడానికి వచ్చింది. ఒక ముసలాయన కూతురి దగ్గరికి ప్లేనో అనే ఊరికి వెళ్లిపోవడంతో కుర్చీ ఖాళీ అయి, నాలుగో మనిషి లేక ఆమెను కూర్చోబెట్టారు. ఆ కుర్చీకి ఒక కాలి అడుగున రబ్బరు బిళ్ల లేదు. కదిలినప్పుడల్లా టకటకమంటుంది. అయినా వసుమతికి అది సింహాసనం. ఊరంతా "వర్క్ పర్మిట్ వచ్చిందా?" అని అడిగే కాలంలో, ఈ ఒక్క బల్ల దగ్గర మాత్రం ఆమెను "నీ ఆట" అని తప్ప మరేమీ అడిగేవారు కారు. కాలి కింద అట్టముక్క పెడదామని ఎన్నోసార్లు అనుకుంది. తనది కాని కుర్చీకి మరమ్మతు చేసే ధైర్యం చాలక ఊరుకుంది.

ఆమెకు ఎదురుగా జతగాడు పద్మనాభం. వాచాలవంశ ముక్తామణి, కార్ల కంపెనీలో రిటైరైన పిమ్మట మాట్లాడటమే వృత్తిగా స్వీకరించిన మహానుభావుడు. ముక్కలు పంచుతుండగా ఆయన ఇలా పలికెను:

"అమ్మాయ్, ఇది లాస్ట్ డీల్. స్కోరు ఈక్వల్. స్ప్రింగ్ టోర్నమెంట్‌కి పేర్లు నాలుగింటికల్లా ఇచ్చెయ్యాలి. ఫ్రీమాంట్ నుంచి జితేందర్ మూవ్ అవుతున్నాడు, నిన్ననే కాల్ చేశాడు, పార్ట్‌నర్ కావాలంట. ఇది పోయిందనుకో, నేనేం చెయ్యలేను మరి. ఒక్కటే గుర్తుపెట్టుకో. నేను ఏ జాతి వేస్తే, నీ చేతికి పట్టు రాగానే అదే తిరిగి వెయ్యి. అంతే!"

"సరే అంకుల్," అంది వసుమతి.

ఆమె పదకొండు వారాలుగా అదే చేస్తోంది. పెద్దాయన ఇస్పేటు వేస్తే ఇస్పేటు, కళావరు వేస్తే కళావరు, వడ్డించినది మారుమాటాడక తినే కొత్తకోడలిలా తిరిగి వేసి, ఓడిపోతూ వచ్చింది. అందరూ ఎంత ఒద్దికైన పిల్లో అని మెచ్చుకునేవారు. ముఖ్యంగా గెలిచినవారు.

ఆ గెలిచేవారు ఎవరంటే, మూడు వసంతాలుగా కప్పు వదలని దంపతులు వీరభద్రరావు, ఛాయాదేవి. ఇరవై ఏడేళ్లు కార్లకు బ్రేకులు డిజైన్ చేసి, స్వయంగా ఎన్నడూ బ్రేకు వేయని వీరభద్రరావు మీసము దువ్వి పాట ప్రారంభించాడు.

"ఒన్ నో ట్రంప్!"

అనగా, తురుపు లేదు, ఏ జాతీ మరో జాతిని కొట్టదు; ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున లెక్కిస్తే, నా బలం పదిహేనుకు తగ్గదు, పదిహేడుకు మించదు అని అర్థం. పద్మనాభం అతికష్టం మీద "పాస్" అన్నాడు. ఛాయాదేవి "టూ నో ట్రంప్" అంది. అనగా, నిండుగా ఉంటే ఇంకో మెట్టు ఎక్కండి, లేకుంటే ఆగండి అని. వసుమతి "పాస్" అంది. వీరభద్రరావు ముక్కలకేసి చూశాడు, మీసం తడిమాడు, "పాస్" అన్నాడు. జీవితంలో మొదటి బ్రేకు.

పదమూడు పట్లలో ఎనిమిది గెలుస్తానన్నది ఆయన ప్రతిజ్ఞ. దాన్ని భంగపరచాలంటే వసుమతి జట్టుకు ఆరు కావాలి.

పద్మనాభం ఇస్పేటు నాలుగు వేశాడు. ఆచారం ప్రకారం ఛాయాదేవి తన ముక్కలన్నీ బల్లమీద పరిచి, ఇక వాటిని భర్తకు వదిలేసి, "ఏవండీ, పాడుచెయ్యకండి" అని దీవించి, టీ కోసం లేచింది. బల్ల అదిరి పాత టీ కొంచెం చిందింది. ఆ పట్టును వసుమతి ఇస్పేటు ఆసుతో గెలిచింది.

ఇప్పుడు వంతు ఆమెది. పద్మనాభం కళ్లు ఆమె చేతిలోని మరో ఇస్పేటును ఎక్స్‌రే తీస్తున్నట్టు చూస్తున్నాయి. వెయ్యి, వెయ్యి, అని ఆయన కనుబొమలు నిబంధనలకు లోబడి అరిచాయి.

వసుమతి చెయ్యి ఇస్పేటు ఆరు మీదికి పోయి, ఆగింది.

అపుడా గణితవిశారద మనోరంగమున సంఖ్యాసేనలు బారులు తీరెను. పేక మొత్తానికి నలభై. ఆట మొదట్లో తన చేతిలో పదమూడు. బల్లమీద ఛాయాదేవి ఆంటీ పరిచినవి తొమ్మిది. వీరభద్రరావు అంకుల్ పైమెట్టు ఎక్కలేదు కనుక పదిహేనే అనుకుందాం. మొత్తం ముప్పై ఏడు. మిగిలింది మూడు. ఆయన దగ్గర ఇంకా ఎక్కువుంటే అదీ లేదు.

మూడు! ఎదురుగా ఛాతీ విరుచుకుని, కొండంత ఇస్పేటు సైన్యం తన వెనక ఉన్నట్టు కూర్చున్న పద్మనాభం అంకుల్ ఆస్తి మొత్తం మూడే! ఆ ఇస్పేట్లు రేపు బలిసినా, వాటిని తీసుకురావడానికి ఆయన చేతికి పట్టు రావాలి కదా? ఏ బండెక్కి వస్తారు ఆయన? ఆసు లేదు. మహా అయితే ఒక్క రాజు. ఈ గుర్రం లేని రౌతు వెంట తాను ఇంకెన్ని వారాలు నడవాలి?

ఇక తన దగ్గర ఏముంది? డైమండ్లు ఐదు. ఆసు, రాజు, పది, తొమ్మిది, రెండు.

కుర్చీ టకటకమంది. వసుమతి డైమండు ఆసు వేసింది.

గదిలో హీటరు కూడా ఒక్క క్షణం ఆగింది. పద్మనాభం నోరు తెరుచుకుంది. దానినుండి వెలువడవలసిన అష్టోత్తర శతనామావళిని ఆట నియమమనే ఉక్కుకవచం అడ్డుకొనగా, ఆయన ముఖం మొదట ఎర్రగా, తర్వాత వంకాయరంగుగా మారింది; చివరకు డైమండు మూడును విసిరికొట్టింది చెయ్యి. వీరభద్రరావు అంతకుముందే చిరునవ్వుతో ఆరు వేసి ఉన్నాడు.

"ఏంటమ్మా, అంకుల్ మీద అలిగావా?" అన్నాడు.

వసుమతి డైమండు రాజు వేసింది. చిరునవ్వు మాయమైంది. వీరభద్రరావు చేతిలో ఉన్న ఒకే ఒక డైమండు రాణి బయటికి రాక తప్పలేదు.

ఇప్పుడు పద్మనాభం వంతు. ఆయన దగ్గర రెండు డైమండ్లున్నాయి. నాలుగు, జాకీ. వాచాలుడైనా వెర్రివాడు కాడు. జీవితంలో మొదటిసారిగా మాట్లాడలేని స్థితిలో ఆయనకు ఆలోచన వచ్చింది.

ఈ పిల్ల పదకొండు వారాలు నా మాట జవదాటలేదు. ఈరోజు దాటింది. మాట్లాడని మనిషి ఎదురు తిరిగిందంటే, అదే దాని మాట. ఏమంటోంది? మీ దగ్గర ఏమీ లేదు అంకుల్, నా దగ్గర ఉన్నాయి, దారికి అడ్డం లేవండి అంటోంది. జాకీ నా దగ్గరే ఉంచుకుంటే, తర్వాతి పట్టు నాకొచ్చి పడుతుంది. నాకొస్తే మళ్లీ ఆమెకెలా ఇస్తాను?

అహో! ఆయన సేనలో సేనానులనదగ్గవారు ఇద్దరే. ఇస్పేటు రాణి, డైమండు జాకీ. నాలుగును ఇంట దాచి, ఆ ఇద్దరిలో ఒకరిని స్వపక్షపు రాజు పాదాల చెంతనే, శత్రువు చెయ్యి పడకుండానే, పద్మనాభం బలి ఇచ్చాడు. జాకీ వచ్చి రాజు కింద పడింది. చూసినవారికి అది పిచ్చితనం. వసుమతికి మాత్రం అది, ఆ గదిలో ఆమెతో ఎవరైనా మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం.

ఆమె డైమండు పది వేసింది. గెలిచింది. తొమ్మిది వేసింది. గెలిచింది. అందరి డైమండ్లూ అయిపోయాయి. ఐదు పట్లు.

చివరగా, యాభై రెండు ముక్కల లోకంలో అడుగు మెట్టున పుట్టి, ఏ పాటలోనూ లెక్కకు రాక, ఎవరి నోటా తన పేరు వినక, ఎవరి కిందనో పడటానికే పుట్టిందని అందరూ నమ్మిన డైమండు రెండు, బల్ల మధ్యకు నడిచి వచ్చింది. వీరభద్రరావు దాని మీద కళావరు పారేశాడు. ఎంత పెద్ద ముక్కైనా జాతి కానిది గెలవదు. ఆరవ పట్టు! ప్రతిజ్ఞ భగ్నం!

టీ కప్పులతో వచ్చిన ఛాయాదేవి బల్ల చూసి నిలబడిపోయింది. "రెండుతోనా? ఏవండీ, రెండుతో ఓడిపోయారా?"

"నువ్వు ఆగమన్నావు కదా, ఆగాను," అన్నాడు వీరభద్రరావు. "ఆగడం వల్లే నా లెక్క ఈ పిల్లకి తెలిసిపోయింది."

నిర్బంధం తీరిన పద్మనాభం గొంతు ఆనకట్ట తెగినట్టు పొంగింది. "నేను చెప్పలా? నేనే చెప్పా! అవసరమైతే వేరే జాతి వెయ్యమని నేనే ట్రెయిన్ చేశా!"

"మీరు చెప్పలేదు అంకుల్," అంది వసుమతి, చాలా మెల్లగా.

ఆయన పెన్ను తీశాడు. గోడమీది టోర్నమెంటు కాగితం దగ్గరికి వెళ్లి తన పేరు పక్కన 'వసుమతి' అని రాసి, వెనక్కి తిరిగి, "జితేందర్‌కి కాల్ చేసి చెప్తాలే. టీ టేబుల్ దగ్గర ఖాళీ ఉందని," అన్నాడు.

అంతట ఆ విజేత్రి లేచి, ఒక పేపరు ప్లేటును నాలుగు మడతలు పెట్టి, మోకాళ్ల మీద వంగి, పదకొండు వారాలుగా టకటకలాడిన ఆ కుర్చీకాలి కింద దోపి, మళ్లీ కూర్చుంది. ఇటు కదిలి చూసింది. అటు కదిలి చూసింది.

సకల జనులారా, తెలుసుకొనుడు! ఫార్మింగ్టన్ హిల్స్ పురమున, కమ్యూనిటీ సెంటరు రెండవ గదిలో, తూర్పు దిక్కున ఉన్న మడతకుర్చీ ఇక కదలదు.