ముళ్లపంది డాక్టరమ్మ తేనె పరీక్ష

ఒక పెద్ద అడవిలో తేనె అమ్మేవాళ్లకు తప్ప తాగినవాళ్లందరికీ కడుపునొప్పి పట్టుకుంది. జింకపిల్లలు మెలికలు తిరిగిపోతుంటే చూడలేక, తేనెలో కల్తీని పట్టే పనిని అటవీ మండలి ముళ్లపంది డాక్టర్ కంటకవేణికి అప్పగించింది.

కంటకవేణి ఆ అడవిలో అందరికన్నా ఎక్కువ చదువుకుంది. ఆ సంగతి అందరికన్నా ఆవిడకే ఎక్కువ గుర్తుండేది.

ఆవిడ తన ఒంటి మీది ముల్లొకటి పీకి, కొసకు గ్రాఫీన్ పూసింది. గ్రాఫీన్ అంటే మరేం లేదు, పెన్సిల్లో ఉండే నల్లటి సరుకును పొరలు పొరలుగా ఒలుచుకుంటూ పోతే, ఇక ఒలవడానికి వీల్లేకుండా మిగిలే చివరి పొర. ఆ ముల్లును తేనెలో ముంచి సన్నగా కరెంటు పంపిస్తే, తేనెలో ఏముందో దాన్నిబట్టి కరెంటు మారుతుంది. ముందుగా పరికరానికి నేర్పిన అసలు తేనెకీ దీనికీ తేడా ఉంటే చిన్న దీపం వెలుగుతుంది.

మండలి అధ్యక్షుడు దున్నపోతు ముల్లును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంత చవక వస్తువుకు నేను రిబ్బను కత్తిరిస్తే నా పరువేం కానమ్మా? కనీసం ఓ పెద్ద పెట్టెలోనైనా పెట్టు."

పెట్టింది. పెట్టెలో ముల్లు తప్ప మిగతాదంతా ఖాళీ.

ఇక పరికరానికి అసలు తేనె అంటే ఏమిటో నేర్పాలి. కొండచరియల్లో తేనెపట్లు పిండి అమ్ముకునే ఎలుగుబంటి భల్లయ్య ఒక ముంత పట్టుకొచ్చాడు.

"ఇప్పుడే పిండాను డాక్టరమ్మా. దీంతో నేర్పించండి."

"బాగుందయ్యా! అమ్ముకునేవాడి సరుకు పెట్టుకుని పరీక్ష చేస్తారా ఎక్కడైనా?" అంటూ కంటకవేణి తన ఇంటి నుంచి సీసా తెప్పించింది. "నాసిరకం మా గుమ్మం తొక్కదు. చదువుకున్నవాళ్ల వంటిల్లు."

సంత రోజున పరీక్ష మొదలైంది. కొట్టు కొట్టుకూ వెళ్లి ముల్లు ముంచింది. ఎక్కడా దీపం వెలగలేదు. భల్లయ్య ముంతలో ముంచగానే భగ్గుమంది.

"దొరికాడ్రా దొంగ!" అని కోతులు ఈల వేశాయి.

"నా ముక్కు చూడండి డాక్టరమ్మా, తేనెటీగలు కుట్టిన వాపు ఇంకా తగ్గలేదు! కొట్టు మూసేస్తే నా పిల్లలేం తినాలి?"

"పరికరం అబద్ధం చెప్పదు భల్లయ్యా."

ఇంతలో మిగతా కొట్లన్నిటికీ సరుకు పోసే, అడవిలో అతి పెద్ద తేనె వ్యాపారి, నక్క సాంబలింగం దండతో వచ్చాడు. "ధన్యుణ్ణమ్మా! ఇన్నేళ్లుగా మీ ఇంటికి తేనె పంపిస్తున్నందుకు ఇవాళ నా సరుకుకు విలువ దక్కింది."

దండ ముళ్లకు తగులుకుని వేలాడుతుంటే కంటకవేణి గిర్రున వెనక్కి తిరిగింది. భల్లయ్య ముంతలో వేలు ముంచి నాకింది. గొంతు మండింది. కొండపూల వాసన తలకెక్కింది. ఇంట్లో సీసా ఏనాడూ గొంతు మండించలేదు. బెల్లం పాకం ఎందుకు మండిస్తుంది?

ఆ సాయంత్రమే మండలి ముందు నిలబడింది. "ప్రామాణిక నమూనాలో స్వల్ప విచలనం సంభవించి ఉండవచ్చునని భావించడానికి అవకాశం ఉంది."

ఎవరికీ అర్థం కాలేదు. అందుకే చప్పట్లు కొట్టారు. మూల నిలబడ్డ భల్లయ్య మాత్రం కొట్టలేదు. అతని మొహం చూసి కంటకవేణి మామూలు భాషలోకి దిగింది. "మా ఇంటి తేనే కల్తీది. దాంతోనే నేర్పాను. భల్లయ్యదే అసలైంది."

దున్నపోతు ముక్కుపుటాలు ఎగరేశాడు. "సాంబలింగం తేనే మా ఇంట్లోనూ వాడతాం. అంటే మేమంతా తెలివితక్కువ వాళ్లమా? అడవంతా ఒకటి తాగుతూ, వీడొక్కడిది వేరుగా ఉంటే తేడా ఎవరిదమ్మా? ఓటు పెడదాం. కాళ్లెత్తండి!"

భల్లయ్యది తప్ప అన్ని కాళ్లూ లేచాయి. కంటకవేణి కాలు సగం లేపి, చెవి గోక్కుంటున్నట్టు నటించింది. దాన్నీ లెక్కలో వేసుకున్నారు.

సాంబలింగం తేనే అడవికి ప్రమాణమని తీర్మానమైంది. జింకపిల్లల కడుపునొప్పి ఎదిగే వయసులో సహజమని ఇంకో తీర్మానం. ప్రమాణానికి తగ్గట్టు సరుకు దిద్దుకుంటే భల్లయ్య కొట్టు తెరుచుకోవచ్చు.

మర్నాడు భల్లయ్య ఒక చేత్తో తేనె ముంత, మరో చేత్తో పాకం కుండ పట్టుకుని వచ్చాడు.

"ఎంత పోయాలి డాక్టరమ్మా?"

కంటకవేణి తలెత్తకుండా ముల్లు తీసి ముంతలో ముంచింది. భల్లయ్య పాకం కొద్దికొద్దిగా పోస్తూ పోయాడు. దీపం మసకబారింది. ఇంకాస్త పోశాడు. ఆరిపోయింది.

"చాలు," అంది. ఒక్క చుక్క ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. పరికరం అంత బాగా పనిచేసింది.

నీతి: నిజాయితీగా వ్యాపారం చేయదలచినవాళ్లు కల్తీ ఎంత కలపాలో ముందే అడిగి తెలుసుకోవాలి.