గాలిబుడ్డి మీద విచారణ

మీ మీద ఎవరైనా అనుమానపడుతున్నారా? అయితే మీరు అదృష్టవంతులు. ఈ కాలమ్ తరఫున మీకు హృదయపూర్వక అభినందనలు!

ఎవరూ అనుమానించని మనిషి బతుకూ ఒక బతుకేనా? పొద్దున్నే లేస్తాడు, పనికి పోతాడు, దగ్గుతాడు, పడుకుంటాడు. పట్టించుకునే నాథుడుండడు. అదే అనుమానితుణ్ని చూడండి. అతను తుమ్మితే నలుగురు తల తిప్పుతారు. జేబులో చెయ్యి పెడితే వీధి వీధంతా నోరు తెరుచుకుని చూస్తుంది. పెళ్లికొడుక్కైనా దక్కుతుందా ఆ వైభోగం?

ఈ మధ్య పేపర్లలో చదువుతున్నాం కదా. యూరప్‌లో సైకిలు తొక్కడమే ఉద్యోగంగా పెట్టుకున్న దొరలు కొందరు ఉబ్బసం మందు పీల్చి పందేలకి దిగుతున్నారట. అది జబ్బుకి మందా, గెలుపుకి మందా అని పెద్ద పెద్ద కమిటీలు జుట్టు పీక్కుంటున్నాయట. పాపం, ఆలస్యంగా మేలుకున్నారు! ఈ చిక్కుముడిని మనవాళ్లు బర్మాలో రంగూన్ నదికి ఆవలి ఒడ్డున, దలా రేవులో, పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలోనే విప్పేశారు. ల్యాబు లేదు, లాయరు లేడు. ఉన్నదల్లా ఒక టీ కొట్టు బల్ల.

ఆ విచారణలో ముద్దాయి బుల్లియ్య. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రంగూన్ హార్బర్‌లో బస్తాలు మోశాడు. మనవడు సైకా తొక్కేవాడు. సైకా అంటే పక్కన సీట్లు బిగించిన సైకిలు. యూరప్ దొర ఒంటరిగా తొక్కుతాడు. బుల్లియ్య ఇద్దరు ప్యాసెంజర్లనీ, వాళ్ల మీద ఒక చేపల బుట్టనీ వేసుకుని బురదలో తొక్కుతాడు. ఇద్దరిలో ప్రొఫెషనల్ ఎవరో మీరే చెప్పండి!

రేవు దగ్గర సైకాలు వరసగా ఆగే చోటుని గేటు అంటారు. దలా గేటు ధాన్యం మిల్లు గోడ పక్కనే ఉండేది. గోడ నీడ చల్లగా ఉంటుందని ఏ పెద్దలో ఎప్పుడో పెట్టారు. మిల్లులో ఊక మండించేవాళ్లు. ఆ పొగ, ఆ నుసి గేటులో కూర్చున్నవాళ్ల టీలోనూ, తలమీదా, చొక్కామీదా సమానంగా పడేది. సోషలిజం అంటే అదేనని అందరూ సరిపెట్టుకున్నారు.

బుల్లియ్యకి మాత్రం సరిపడలేదు. కాసేపు కూర్చుంటే చాలు, గుండెలో పిల్లికూతలు మొదలయ్యేవి. అందుకే అతనికి ఒకే ఒక్క కోరిక ఉండేది. గేటులో మొదటి వంతు!

ఆ వంతు సంగతి చెప్పాలి. ఏటా గేటువాళ్లు సైకాల పందెం పెట్టుకునేవారు. గెలిచినవాడికి ఏడాది పొడుగునా పొద్దుటి మొదటి వంతు. స్టీమరు రాగానే మొదటి బేరం ఎత్తుకుని పొగలోంచి బయటపడొచ్చు. ఆఖరి వంతువాడు ఎండ నెత్తికెక్కేదాకా మిల్లు పొగగొట్టం కింద కూర్చోవాలి. ఏళ్ల తరబడి గెలుస్తున్నది గంజాం దండాసి. బుల్లియ్యకి వరసకి బావ, పందెంలో శత్రువు.

ఆ ఏడాది సిపాయిల సర్కారు మీద దేశమంతా భగ్గుమంది. జనం వీధుల్లోకొచ్చారు. ఆఫీసులు మూతపడ్డాయి, స్టీమరు ఆగిపోయింది, మిల్లు కూలీలు కూడా సమ్మెకి దిగి బాయిలరు ఆర్పేశారు. వార్డు ఆఫీసరు ఎటు పోయాడో తెలీదు. నలుగురు ఒకచోట చేరాలంటే పర్మిషన్ కావలసిన దేశంలో పర్మిషన్ ఇచ్చేవాడే లేకుండా పోయాడు! ఇంకేం, గేటువాళ్లు దర్జాగా పందెం పెట్టేశారు. స్టీమరే లేనప్పుడు మొదటి వంతు ఎందుకని అడక్కండి. లేని స్టీమరుకైనా ముందు నిలబడేది ఎవరో తేలాలి కదా!

వాన వెలిసిన పొద్దున పందెం జరిగింది. బుల్లియ్య గెలిచాడు. ఊరికే గెలవడం కాదు, దండాసి ఇంకా మలుపు దగ్గర ఉండగానే గీత దాటేశాడు. దాటి, సీటుమీంచి దూకి, చంటిపిల్లాడిలా గంతులేశాడు. ఆ గంతుల్లో జేబులోంచి చిన్న నీలం గొట్టం ఒకటి ఎగిరి బురదలో పడింది.

దండాసి దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. "ఇదేటి బావా?"

"ఉబ్బసం మందురా. నోట్లోకి కొట్టుకుంతారు. బాబ్జీ తెచ్చినాడు."

బాబ్జీ అంటే బుల్లియ్య బావమరిది. ఓడలో పనిచేస్తాడు. ఎప్పుడో ఒకసారి సింగపూర్ నుంచి లుంగీలో చుట్టి తెచ్చాడు. దేశంలో అలాంటిది ఎక్కడా దొరకదు. తలుపులన్నీ బిడాయించుకుని కూర్చున్న దేశం మరి, బయటి గాలి వస్తే గిస్తే అలా గొట్టంలో దూరి రావలసిందే. బుల్లియ్య పెళ్లాం పైడితల్లి దాన్ని దేవుడి పటం వెనక దాచి, మొగుడి మూతి నీలంగా మారితే తప్ప నొక్కనిచ్చేది కాదు. పందెం పూట కదా అని ఆ రోజు తనే జేబులో పెట్టి పంపింది.

"మందు కొట్టి గెలిసినావన్నమాట!" అన్నాడు దండాసి.

అంతే! ఇంగ్లీషు అక్షరాలున్న వస్తువు, అందులోనూ నొక్కితే బుస్సుమనేది. మహిమ లేకుండా ఉంటుందా? గేటంతా గుప్పుమంది. సాయంత్రానికి దానికి గాలిబుడ్డి అని పేరు కూడా పెట్టేశారు.

వెంటనే విచారణ సంఘం వెలిసింది. గేటు పెద్ద ఊ తూన్ ఫే అధ్యక్షుడు. బర్మా ముసలాయన, మంచివాడు. వార్డు సమ్మె కమిటీకి కూడా ఆయనే పెద్ద. ఇరవై ఆరేళ్ల సిపాయిల ఏలుబడిలో ఎవరో ఒకరు తమని విచారించడమే గానీ, తాము ఇంకొకణ్ని విచారించే భాగ్యం గేటువాళ్లకి కలగలేదు. స్వేచ్ఛ వచ్చాక మొదట ఆ ముచ్చట తీర్చుకోవద్దూ?

ఇక్కణ్నుంచి చూడండి బుల్లియ్య రాజయోగం. నిన్నటిదాకా అతను దగ్గితే మొహం తిప్పుకున్నవాళ్లు, ఇవాళ దగ్గు ఎలా ఉందో చెవి రిక్కించి వింటున్నారు. అతని సైకిలు చైనుకి రాసిన నూనె వేలితో తీసి వాసన చూశారు. పైడితల్లి కట్టిన చద్దన్నం మూట విప్పి, ఎండుచేప ముక్క ముందు సంఘం తిని పరీక్షించింది. నాలుక చాపమన్నారు. చాపాడు. టీ కొట్టువాడు అతని టీలో పంచదార ఎక్కువ పడుతోందేమోనని తగ్గించేశాడు. కన్నతల్లి కూడా అంత శ్రద్ధగా కనిపెట్టుకుని ఉండదు!

వాదనలు బ్రహ్మాండంగా సాగాయి. దండాసి పట్టు ఒకటే. జబ్బున్నవాడు గెలవకూడదు. గెలిచినవాడికి జబ్బుండకూడదు. ఈ మాటకి యూరప్ కమిటీలైనా జవాబు చెప్పగలవా?

బుల్లియ్య చేతులు జోడించాడు. "అయ్యా, నాను పందేనికి ముందు నొక్కనేదు. మిల్లు కట్టేసినకాడి నుంచి నాకు పిల్లికూతలే నేవు. కావలిస్తే ఊపి సూడండి. బుడ్డి నిండుగుంది."

"మిల్లు సంగతి ఈ విచారణ పరిధిలోకి రాదు," అన్నాడు ఊ తూన్ ఫే బర్మా భాషలో, గంభీరంగా. అధ్యక్షుడన్నాక ఆమాత్రం పరిధి ఉండాలి. తర్వాత బుడ్డిని చెవి దగ్గర ఊపాడు. గలగలమంది. నిండుగా ఉందో, సగం ఉందో తేలలేదు. తేలాలంటే ఒకటే దారి, ఖాళీ అయ్యేదాకా నొక్కి చూడాలి.

పైడితల్లి జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "ఓలమ్మో! అలగ నొక్కీసితే ఇంకేటి మిగుల్తాదయ్యా?"

"న్యాయం మిగులుతుందమ్మా," అన్నాడాయన.

ఫారిన్ సరుకుని గాల్లోకి వదిలేయడం పాపమని అందరూ అనుకున్నారు. కాబట్టి ఒక్కో నొక్కూ ఒక్కొక్కరు నోట్లోకి పీల్చాలని తీర్మానించారు. మొదట అధ్యక్షుడు. మూతిని తువ్వాలుతో తుడిచి, నోట్లో పెట్టుకుని నొక్కాడు. బుస్సుమంది. ముసలాయన కాసేపు కదలకుండా కూర్చున్నాడు. పోయాడేమోనని అందరూ హడలిపోయారు.

"ఊపిరి ఇంత లోపలికి పోతుందా!" అన్నాడు చివరికి.

తర్వాత దండాసి. పీల్చి, దించి, మళ్లీ పీల్చాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "బావా! ఇన్నేళ్లూ నాను సగం ఊపిరితోటే తొక్కినానేటిరా?" అన్నాడు. అని, తిన్నగా వెళ్లి వరస చివర మళ్లీ నిలబడ్డాడు.

ఆహా, నిజం తెలుసుకోవడానికి జనం అంతలా ఎగబడటం ఎక్కడైనా చూశామా? గేటుకి గేటే క్యూ కట్టింది. నాకూ ఆయాసమే అని ఒకడు, నాకు మా నాన్న నుంచే వచ్చిందని ఒకడు. ఒకడు దొంగదగ్గు దగ్గాడు. వెనకవాడు అతని వీపుకి చెవి ఆనించి, "ఓరి నీ దుంపతెగ, నిజంగానే కూస్తందిరా!" అన్నాడు. దొంగదగ్గువాడు బిక్కమొహం వేశాడు. అప్పుడు అందరూ ఒకరి వీపుకి ఒకరు చెవులు ఆనించుకున్నారు. ఒక్కొక్క వీపులో ఒక్కొక్క పిల్లి. గేటంతా కలిస్తే పెద్ద సంసారమే ఉంది!

బుడ్డి చాలాసేపు బుస్సుబుస్సుమంది. చివరికి పొద్దు వాలే వేళకి మూగబోయింది. నిండుగా ఉన్నదే! సందేహం లేదు. ఊ తూన్ ఫే లేచి నిలబడి తీర్పు చెప్పాడు. బుల్లియ్య నిర్దోషి, మొదటి వంతు అతనిదే. చప్పట్లు మోగిపోయాయి. ఖాళీ బుడ్డిని తమలపాకుల పళ్లెంలో పెట్టి సగౌరవంగా తిరిగిచ్చారు. గేటంతా హాయిగా ఊపిరి తీసుకుంటూ ఇళ్లకి పోయింది. పైడితల్లి ఒక్కతే దారి పొడుగునా అందర్నీ పేరుపేరునా తిట్టుకుంటూ నడిచింది.

చూశారా, అనుమానం ఎంత మేలు చేసిందో! ఒక్క రోజులో అంతమందికి వైద్యం, ఒకడికి నిర్దోషిగా పేరు. అయినా దండాసి మనసు కుదుటపడలేదు. అంత ఉదారంగా అందరికీ నొక్కనిచ్చాడంటే ఇంకొకటి దాచే ఉంటాడు! ఆ రోజు నుంచి బుల్లియ్య మీదనుంచి కన్ను తియ్యలేదు.

కొద్ది రోజులకి తుపాకులొచ్చాయి. లోకం మళ్లీ పద్ధతిలో పడింది. విచారణ సంఘం లేదు, సమ్మె కమిటీ లేదు. ఊ తూన్ ఫే ఎవరికీ చెప్పకుండా చుట్టాల ఊరికి వెళ్లిపోయాడు. స్టీమరు కూసింది. మిల్లు బాయిలరు రాజుకుంది.

మొదటి స్టీమరు రోజున బుల్లియ్య స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, మొదటి వంతులో ఠీవిగా నిలబడ్డాడు. కానీ ఇప్పుడు గేటులో ఒక సిపాయి ఉన్నాడు. అందరి గుర్తింపు చీటీలూ చూసేదాకా ఒక్క సైకా కదలకూడదు. మొదటి వంతువాడూ, ఆఖరి వంతువాడూ ఒకే పొగలో కూర్చోవాలి!

బుల్లియ్య కూర్చున్నాడు. నుసి రాలుతోంది. పిల్లికూతలు మొదలయ్యాయి, పెరిగాయి, తర్వాత కూతలు కూడా రావడం మానేశాయి. అలవాటుకొద్దీ చెయ్యి జేబులోకి పోయింది.

"అద్గదీ! తీసినాడు!" అని దండాసి ఒక్క గెంతు గెంతాడు.

చేతిలో ఉన్నది పాత ఖాళీ బుడ్డే. బుల్లియ్య మూతి నీలంగా ఉంది. దండాసి అతని జేబులు తిరగేశాడు, సీటు కింద చూశాడు, చద్దిమూట విప్పాడు, రొంటిన వెతికాడు. "రెండోది ఏదిరా? దాసినావు, నాకు తెలుసు! తియ్యి బావా, నానెవరికీ సెప్పను, తియ్యరా!" అని ఏడుస్తూ అరిచాడు. తన అనుమానం ఒక్కసారి, ఆ ఒక్క పూట నిజమైతే పైడితల్లి అమ్మవారికి కోడిని కోస్తానని మొక్కుకున్నాడు.

రెండోది లేదు.

దండాసి అతన్ని ఎత్తి తన సైకాలో పడేసి పెడలు తొక్కాడు. సిపాయి ఆగమని అరిచి, విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదడానికి గుండెల నిండా గాలి పీల్చాడు. పీల్చింది మిల్లు పొగ కదా, దగ్గు తెర పట్టుకుంది. విజిల్ ఎక్కడో పడింది. ఆ దగ్గు తగ్గేలోపు సైకా మలుపు తిరిగిపోయింది.

దండాసి ఏ పందెంలోనూ అలా తొక్కలేదు. ఊరు దాటి, వరిచేల గట్టు మీద, గాలి నది మీంచి తిన్నగా వచ్చే చోట ఆపాడు. బుల్లియ్య వీపు రాస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి కూతలు మళ్లీ వినిపించాయి. అంత తీయని పిల్లికూతలు దండాసి జన్మలో వినలేదు.

"నిజం సెప్పు బావా," అన్నాడు. "రెండోది నేదా?"

"నేదురా."

"ఛీ! ఉంటే బాగుణ్ను."

ఇద్దరూ ఊరివైపు చూశారు. మిల్లు గొట్టం నల్లగా పొగ కక్కుతోంది. అది గేటు మీదికే వాలుతోంది. దండాసి దాన్ని కింద నుంచి పైదాకా చాలాసేపు చూశాడు, బుల్లియ్య జేబుని చూసినట్టే.

కాబట్టి పాఠక మహాశయులారా, నిశ్చింతగా అనుమానపడండి! చైనునీ, చద్దిమూటనీ, గాలిబుడ్డినీ, ఊపిరాడనివాడి జేబునీ శోధించండి. వీలైతే ఒకసారి మెడ ఎత్తి గొట్టం వైపు కూడా చూడండి. మెడ పట్టేస్తుందేమో, జాగ్రత్త. అంతకంటే పెద్ద నొప్పులు కూడా రావచ్చు. మన విచారణలన్నీ జేబు ఎత్తు దాటకపోవడానికి కారణం ఆ ఆరోగ్య స్పృహే కదా!