ఆదివారం క్రేన్ల లెక్క

ఆ ఆదివారం పొద్దున్న క్రేన్ల సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగు ఎత్తైన మేడలు ఎక్కాలి, చుట్టూ కనిపించే క్రేన్లన్నీ లెక్కపెట్టాలి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి కాళ్ళు బారజాపుకుని పడుకోవాలి.

ఆయన ఉద్యోగమే అది. ఊళ్ళో ఎన్ని క్రేన్లు నిలబడి ఉన్నాయో ఆర్నెల్లకోసారి లెక్కపెట్టి ఆఫీసులో చెప్పాలి. క్రేన్లు పెరిగితే ఊరు పెరుగుతున్నట్టు, తగ్గితే ఊరు చతికిలపడ్డట్టు. కట్టిన ఇళ్ళలో మనుషులున్నారా, కట్టే కూలీల నెత్తిన రేకైనా ఉందా అని లెక్కపెట్టే ఆఫీసు ఆ ఊళ్ళో లేదు. క్రేన్లకు మాత్రం ఉంది.

ఇదివరకు ఆయన ప్రతి క్రేను దగ్గరికీ నడిచి వెళ్ళి, దాని మొదట్లో నిలబడి లెక్క వేసుకునేవాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. ఈసారి ఏసీ గదిలో కూర్చున్న పెద్దసారుకు ఒక కొత్త పద్ధతి తట్టింది.

"నడవడం ఎందుకయ్యా? మేడ ఎక్కి బైనాక్యులర్‌తో చూడు. ఒకే క్రేను రెండు మేడల మీంచి కనబడితే రెండుసార్లు వేసేస్తావు, అది జాగ్రత్త. అన్నీ పసుపు రంగువే కాబట్టి దాని చెయ్యి ఎటు చూపిస్తోందో గుర్తుపెట్టుకో. ఆదివారం పని ఉండదు, చెయ్యి కదలదు. అటే చూపిస్తుంటే పాత క్రేను, ఇంకోవైపు చూపిస్తుంటే కొత్త క్రేను. అర్థమైందా?"

నడవక్కర్లేదన్న మాట చెవిన పడ్డాక, అరిగిన మోకాళ్ళున్న మనిషి తక్కినదాన్ని తర్కించడు.

నాలుగో మేడలో లిఫ్టు పనిచెయ్యలేదు. మెట్లెక్కి, రొప్పుతూ, చివరిసారి చుట్టూ చూసి మొత్తం వేస్తే తొంభై నాలుగు వచ్చాయి. పోయినసారి ముప్ఫై ఒకటి. ఆర్నెల్లలో మూడింతలా అని అనుమానం వచ్చింది. కానీ అనుమానం తీర్చుకోవాలంటే మళ్ళీ మొదటి మేడ ఎక్కాలి. ఆయన ఇంటికెళ్ళి పడుకున్నాడు.

ఆఫీసు మూసేసి ఇంకో ఆఫీసులో కలిపేస్తారన్న పుకారుతో పెద్దసారుకు కొన్నాళ్ళుగా కంటి మీద కునుకు లేదు. సోమవారం ఆ సంఖ్య వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన అంత ఎత్తుంటాడని చాలామందికి ఆ రోజే తెలిసింది.

"తొంభై నాలుగు! ఇంక మనల్ని ఎవడు మూస్తాడో చూస్తాను!" అంటూ పత్రికలవాళ్ళకు ఫోను చేశాడు. మర్నాడు అన్నింటిలోనూ మొదటి పేజీ అదే.

క్రేన్ల సారు కాపురం ఒక పాత మేడలో, అద్దెకు. భార్య కింద వరండాలో మిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఎదురుగానే బడి. వదులైతే బిగించడానికి, బిగుతైతే వదులు చెయ్యడానికి తల్లులు దారినపోతూ ఆగుతారు. సంసారం నడిచేది ఆ వరండా మీదే. క్రేన్ల సారు జీతం అందులో కలిసినా కలవనట్టే ఉంటుంది.

మంగళవారం సాయంత్రం ఇంటి ఓనరు పేపరు పట్టుకుని గుమ్మంలోనే కాచుకున్నాడు.

"రావయ్యా అబ్బాయ్! ఊరంతా లేస్తుంటే మనమిలా ముడుచుకు కూర్చుంటామా? బిల్డరు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు, నేనే నాన్చాను. దీన్ని పడగొట్టి పదంతస్తులు వేస్తాడట. మీరు నెలాఖరుకి ఖాళీ చేసెయ్యండి."

"అదేంటి బాబాయిగారూ, ఉన్నపళంగా!"

"నన్నంటావేంటయ్యా, చెప్పింది మీ ఆఫీసే కదా! లెక్కపెట్టినవాడు మా ఇంట్లోనే ఉంటాడని వీధంతా గొప్పగా చెప్పుకొచ్చాను కూడా."

భార్య అరవలేదు. అరిస్తే బాగుండుననిపించేలా చూసింది. "ఊళ్ళో క్రేన్లన్నీ లెక్కపెట్టి వచ్చారు కదా, ఇంత గిరాకీ ఉన్న వరండాలు ఎన్నున్నాయో కూడా చూసొచ్చారా?"

ఆయన డాబా మీదికి పారిపోయాడు. ఇంటి వెనక, సగంలో ఆగిపోయిన అపార్ట్‌మెంటు ఉంది. అందులో పావురాలు తప్ప ఎవరూ లేరు. దాని పక్కన క్రేను. గాలి ఒకసారి విసురుగా కొట్టింది. పడమరకి చూస్తున్న క్రేను చెయ్యి, ఎవరో పిలిచినట్టు మెల్లగా ఉత్తరానికి తిరిగింది.

"ఇదిగో!" అని కేక పెట్టాడు. "అందులో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారు?" ఆరిన బట్టలు తియ్యడానికి వచ్చిన భార్య తలెత్తకుండానే అంది. "అది ఎప్పుడూ అంతే, గాలి ఎటుంటే అటు. మీకు తెలీదా?"

ఆయనకు తెలీదు. పని లేనప్పుడు క్రేను చేతిని బిగించి ఉంచరు. బిగిస్తే పెద్దగాలికి మొత్తం కూలుతుంది, అందుకని గాలికి వదిలేస్తారు. ఆదివారం ఆయన మేడ మారేలోగా గాలి మారింది, గాలితోపాటు క్రేన్లన్నీ మొహం తిప్పుకున్నాయి. ఒక్కో క్రేనునీ మూడేసి సార్లు లెక్కలో వేశాడు.

మర్నాడు పెద్దసారు గదిలోకి వెళ్ళాడు.

"సార్, లెక్క తప్పింది."

"నేననుకుంటూనే ఉన్నాను! ఎన్ని వదిలేశావు?"

"వదల్లేదు సార్, గాలి వల్ల..."

"గాలికి దుమ్ము లేచి కనపడలేదన్నమాట. పోనీలే, ఓ పది కలుపుదాం." పెద్దసారు అప్పటికే ఫోనందుకున్నాడు. "హలో, రాసుకోండి. సవరించిన లెక్క నూట నాలుగు."

"సార్! ఉన్నవాటినే మూడేసి సార్లు వేశాను సార్!"

పెద్దసారు ఫోను పెట్టేసి ఆయనకేసి చూశాడు. కోపం లేదు, జాలి ఉంది. "నీకు ఒంట్లో బాగాలేదయ్యా. వారం సెలవు పెట్టు. ఈ మాట గోడలక్కూడా చెప్పకు."

తప్పు చేసినంతకాలం ఆ ఆఫీసులో ఎవరూ ఆయన్ని సెలవు పెట్టమనలేదు. ఒప్పుకున్న రోజే పెట్టమన్నారు.

ఇంక మిగిలింది ఓనరు. "బాబాయిగారూ, ఆ లెక్క తప్పు. నేనే తప్పు పెట్టాను. ఊళ్ళో క్రేన్లు ముప్ఫైకి అటూ ఇటూ ఉంటాయి, అంతే."

ఓనరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇల్లు ఖాళీ చెయ్యమనేదాకా తొంభై నాలుగు. చెయ్యమన్నాక ముప్ఫై. నేనేమైనా చంటిపిల్లాణ్ణా?"

"ఒట్టు బాబాయిగారూ. పైకి రండి, కళ్ళారా చూపిస్తాను. పని లేని క్రేను కూడా తిరుగుతుంది."

మోకాళ్ళ నొప్పుల్లో ఇద్దరూ సమానమే. ఒకరినొకరు పట్టుకుని డాబా ఎక్కారు. గాలి లేదు. క్రేను దిష్టిబొమ్మలా నిలబడింది. ఓనరు దిక్కులు చూశాడు, ఆవలించాడు, కిందికి దిగబోయాడు. సరిగ్గా అప్పుడు గాలి వచ్చింది. క్రేను చెయ్యి కదిలింది. ఆగకుండా సగం చుట్టు తిరిగింది.

"చూశారా!" అన్నాడు క్రేన్ల సారు, ప్రాణం లేచొచ్చి.

"చూశానయ్యా చూశాను!" ఓనరు కేకేశాడు. "వెనకవాడు పని మొదలెట్టేశాడు! చెప్పా పెట్టకుండా!" డాబా మీదే నిలబడి బిల్డరుకి ఫోను కొట్టాడు. "నెలాఖరు దాకా ఆగొద్దు, రేపే సంతకాలు పెట్టేద్దాం. ఇక్కడ మనకంటే ముందు వెనకవాడు లేచేలా ఉన్నాడు!"

ఆ గొంతు పక్క డాబా మీద మొక్కలకు నీళ్ళు పోస్తున్నాయన విన్నాడు. గొట్టం అక్కడే పడేసి ఆయనా ఫోను తీశాడు.

"మీరు పైకి తీసుకెళ్ళకపోతే ఇంకో నెల నాన్చేవాడు," అంది భార్య. మిషనుకి గుడ్డ కప్పి తాడు కట్టింది.

ఊరి చివర మూడో అంతస్తులో ఇల్లు దొరికింది. వరండా లేదు. అక్కడిదాకా ఏ తల్లీ రాలేదు. ఆవిడ ఒక దుకాణానికి దిండు గలీబులు కుట్టడం మొదలుపెట్టింది. ఎన్ని కుట్టినా అవి వదులయ్యాయనీ, బిగుతయ్యాయనీ ఎవరూ వచ్చి కబుర్లు చెప్పరు.

ఆర్నెల్లకు మళ్ళీ లెక్కలొచ్చాయి. ఈసారి క్రేన్ల సారు ఏ మేడా ఎక్కలేదు. పెద్దసారు పద్ధతికి దణ్ణం పెట్టి, మొండికేసి, క్రేను క్రేనుకీ నడిచాడు. నిజం ముప్ఫై అని తేలితే పత్రికలవాళ్ళ మొహాన కొట్టాలనుకున్నాడు. నూట నాలుగు తేలాయి. ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు. పేపరు చదివిన ఓనర్లందరూ బిల్డర్లను పిలిచారు, బిల్డర్లందరూ క్రేన్లు తెచ్చారు.

"ఆర్నెల్ల క్రితమే చెప్పానా లేదా!" అని పెద్దసారు ఆయన్ని కౌగలించుకున్నాడు. ఆ ముందుచూపుకి పెద్దసారుకు ప్రమోషను వచ్చింది.

క్రేన్ల సారు ఇంటికొచ్చి చెప్పులు విడిచి నేల మీదే కూర్చున్నాడు.

"మన వీధికి కూడా వెళ్ళారా?" అంది భార్య మిషను ఆపకుండా.

"వెళ్ళాను. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. ఇది మా ఇల్లయ్యా అంటే, వచ్చినవాళ్ళందరూ అదే అంటున్నారన్నాడు."

"మనింట్లో క్రేను ఎక్కడ పాతారు?"

"వంటింట్లో."

మిషను ఆగింది. "దాన్నీ లెక్కలో వేశారా?"

"వేశాను."

ఆవిడ దారం తెంపి ఇంకో గలీబు అందుకుంది. లెక్కలో ఈసారి ఏ తప్పూ లేదు.