కెప్టెన్ గారి ఇల్లు

కేప్ కోస్ట్ రేవు పట్నంలో తన పాత రాతి ఇంటికి సున్నం వేద్దామని ఆ శనివారం పొద్దున్నే ఎకో బెంత్సిల్ నిచ్చెనెక్కాడు. గోడ కాస్త తెల్లబడిందో లేదో, చరిత్ర సంఘం పెద్దమనిషి వచ్చి కింద నిలబడ్డాడు. పాత ఇళ్లకు ఇత్తడి ఫలకాలు బిగిస్తున్నారట.

"ఈ ఇల్లు ఎవరు కట్టించారండీ?"

నిజానికి అది ఒకప్పుడు చేపలు పొగబెట్టే కొట్టు. వానాకాలంలో గోడల వాసన ఇప్పటికీ ఆ సంగతి చెబుతుంది. కానీ ఎదురింటికి అప్పటికే ఎవరో జడ్జిగారి పేరుతో ఫలకం వచ్చేసింది. ఎకోకు రోషం పొడుచుకొచ్చింది.

"మా ముత్తాతండీ! కెప్టెన్ క్వామెనా అటా. బోలెడు ఓడలుండేవి."

మధ్యాహ్నానికి ఆ మాట రేడియోలో వచ్చింది.

"ఓడలా? మీ వంశంలో పడవెక్కి వాంతి చేసుకోనివాడు ఒక్కడున్నాడా?" అంది భార్య అబా.

మర్నాడు చర్చి వదలగానే జనం దిగారు. అందరికీ కెప్టెన్ తాతే, అందరికీ ఇంట్లో వాటానే. ఒకాయన టేపుతో హాలు కొలిచాడు. ఒకావిడ పడకగది తనదేనని మంచమెక్కి, మొక్కజొన్న కెంకే ముద్ద, వేయించిన చేప తెమ్మంది.

ఎకో చేతులు జోడించాడు. "బాబూ, కెప్టెనూ లేడు, గాడిదగుడ్డూ లేదు! నేనే కల్పించాను!"

"విన్నారా? ఇల్లు మింగడానికి తాతనే లేడంటున్నాడు!" అని గోల చేశారు.

అబా పరుగున వెళ్లి ఇంటి పెద్ద న్యానిబా పెద్దమ్మను తీసుకొచ్చింది. ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుని అందరినీ కలియజూసింది.

"మంచి సమయానికి వచ్చారర్రా. అంత గొప్పవాడికి కర్మకాండ జరిగినట్టు నేనెన్నడూ వినలేదు. ఊరందరికీ భోజనాలు, బ్యాండు మేళం, నల్లబట్టలు... ఖర్చంతా వారసులే పెట్టుకోవాలి మరి!"

టేపు చప్పున చుట్టుకుపోయింది. "మా తాత పేరు ఒటూ అండీ, అటా కాదు," అన్నాడాయన. మంచం మీదావిడ చేపముక్క చేత్తో పట్టుకునే గుమ్మం దాటింది. క్షణంలో ఇల్లు ఖాళీ.

"పెద్దమ్మా, భలే తరిమావే!" అని ఎకో ఆవిడ కాళ్ల మీద పడ్డాడు.

"తరమడమేంట్రా? ఇక మిగిలిన వారసుడివి నువ్వేగా. మరి కర్మకాండ ఎప్పుడు?"

"అసలు అలాంటి మనిషే పుట్టలేదు పెద్దమ్మా!"

"రేడియోలో చెప్పాక పుట్టకపోతే ఎలా? వంశం పరువేం కాను?"

కర్మకాండ నాడు, పుట్టని ముత్తాత కోసం ఎకో అంత మనస్ఫూర్తిగా ఏడవడం చూసి, భోజనాలకొచ్చిన ఊరంతా ముచ్చటపడింది.