హాలు నిండిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం పాస్టరమ్మ మనసులో ఉన్న పనులు మూడే. టైర్ల దుకాణం పైనున్న హాలు ఊడవడం, పద్నాలుగు కుర్చీలు వేయడం, డ్యూటీ దిగి నేరుగా వచ్చే మామ్మ కోసం ఫ్లాస్కులో టీ పోసి ఉంచడం. ఆస్పత్రిలో నేలలు తుడిచే ఆ మామ్మ రెండేళ్లుగా వెనక వరుసలో కూర్చుంటోంది. ఏమడిగినా తల ఊపడమే తప్ప నోరు విప్పి ఎరగదు. అలాంటిది పోయిన వారం తనంతట తానే వచ్చి, "అమ్మగారూ, వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్తాను. దేవుడు నాకేం చేశాడో నలుగురిలో నిలబడి ఒక్కసారి చెప్పుకోవాలని ఉంది," అంది. పాస్టరమ్మకు వారమంతా అదే సంబరం.

ఆమె ఫ్లాస్కు మూత బిగిస్తుండగా పాస్టరు చొక్కా గుండీల వైపే చూస్తూ గొణిగాడు.

"ఇవాళ కాస్త ఎక్కువమంది వస్తారు."

"ఎంతమందండీ?"

"నూట ఇరవై."

పాస్టరు పూర్వాశ్రమంలో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కావాలని అబద్ధమాడే మనిషి కాదు. ఎదుటివాళ్ళు పొరబడితే సరిదిద్దడానికి మాత్రం నోరు రాదు. ఏడాది కిందట మిషను ఆఫీసు వాళ్ళు ఫోను చేసి, కొత్త సంఘానికి ఎంతమంది వస్తున్నారని అడిగారు. "పద్నాలుగు" అన్నాడు. లైను గరగరలాడింది. "నలభై నాలుగా? దేవునికి స్తోత్రం!" అని అవతల ఫోను పెట్టేశారు. తర్వాత చెబుదాంలే అనుకున్నాడు. మరుసటి నెల మళ్ళీ అడిగితే, తగ్గారంటే ఏం బాగుంటుందని యాభై అన్నాడు. అలా ఆ సంఘం ఫోనులోనే పెరిగి పెద్దదైంది. ఇప్పుడు దాన్ని కళ్ళారా చూసుకోవడానికి మిషను పెద్దయ్యగారు స్వయంగా వస్తున్నారు.

"ఉన్నమాట చెప్పేయండి," అంది పాస్టరమ్మ.

"ఇప్పుడా? తొమ్మిదింటికల్లా దిగుతారు! మీ తమ్ముడు అంతా తను చూసుకుంటానన్నాడులే."

తమ్ముడు చూసుకున్న పని ఏ ఒక్కటీ అనుకున్న చోట ఆగలేదని పాస్టరమ్మకు వాడు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

తమ్ముడిది కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం. ఊళ్ళో అందరూ తెలిసినవాళ్ళే. పక్క వీధి సంఘం పాస్టరుకీ, ప్యాకింగ్ ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకీ, డ్రైవింగ్ స్కూలు యజమానికీ తలా నలభై మందిని పంపమని చెప్పాడు. సగం మంది ఎలాగూ ఎగ్గొడతారని ముగ్గురూ తలా ఎనభై మందికి కబురు పెట్టారు. పక్క వీధి పాస్టరు ప్రత్యేక కూడిక అన్నాడు. సూపర్‌వైజరు కార్మికుల రక్షణ మీద మీటింగన్నాడు. డ్రైవింగ్ స్కూలాయన, రానివాళ్ళ లైసెన్సు సంగతి తనకు తెలియదన్నాడు. ఒక్కరూ ఎగ్గొట్టలేదు.

ఎనిమిదిన్నరకే హాలు కిక్కిరిసింది. మెట్లు కూడా నిండాయి. పాస్టరమ్మ ఫ్లాస్కు గుండెకు హత్తుకుని గోడకు అతుక్కుపోయి, మామ్మ కోసం మెడ చాచి వెతికింది. అన్నీ తెలియని మొహాలే.

పెద్దయ్యగారు వచ్చి జనాన్ని చూసి పొంగిపోయారు. మైకు అందుకుని, "మీలో ఇంకా రక్షణ లేనివాళ్ళు ఎవరైనా ఉంటే చేతులెత్తండి!" అన్నారు.

ఎనభై చేతులు ఒక్కసారిగా లేచాయి. ముందు వరుసలో ఒకడు లేచి నిలబడ్డాడు కూడా. "ఆర్నెల్లుగా అడుగుతున్నామండీ! చేతి గ్లౌజులకే దిక్కులేదు, ఇంకెక్కడి రక్షణండీ!"

పెద్దయ్యగారికి ఆ చివరి మాటలు అందలేదు. లేచిన చేతులు చూసి కళ్ళు తుడుచుకున్నారు. "చూశావా, ఎంత ఆకలితో ఉన్నారో!" అని పాస్టరు భుజం తట్టారు. అందరూ లేచి చప్పట్లతో పాడాలని ఆయన ఆజ్ఞాపించారు. రెండు వందల నలభై మంది లేచారు, పాడారు, కాళ్ళతో తాళం కూడా వేశారు.

కింద టైర్ల దుకాణం యజమాని నెత్తిన అరచేయంత పెచ్చు ఊడిపడింది. అతను తల పట్టుకుని, మెట్ల మీది జనాన్ని తోసుకుంటూ పైకి పరిగెత్తుకొచ్చాడు. "పడిపోతుంది! పడిపోతుంది!"

"అవును, పడుతోంది!" అని మైకులో గర్జించారు పెద్దయ్యగారు. "అగ్ని పడుతోంది! పడనియ్యండి!"

"పడనిచ్చేదేంటయ్యా, కింద నా టైర్లున్నాయి!"

అగ్ని, టైర్లు అనే రెండు మాటలూ ఒకేసారి చెవిన పడ్డవాళ్ళు మూడో మాట కోసం ఆగలేదు. అయిదు నిమిషాల్లో హాలు ఖాళీ అయింది. అదృష్టం బాగుండి మనుషులకేమీ కాలేదు. విరిగినవన్నీ తమ్ముడి కుర్చీలే.

పాస్టరు ఇక తట్టుకోలేకపోయాడు. పెద్దయ్యగారి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఏడుపు గొంతుతో, "అయ్యగారూ, క్షమించండి. నా సంఘంలో ఉన్నది పద్నాలుగు మందే," అన్నాడు.

పెద్దయ్యగారు చిరునవ్వు నవ్వారు. "వినయం ఉండాలి. కానీ మరీ ఇంత వద్దు. నేను కళ్ళారా చూశాను కదా! పైవాళ్ళకి మూడు వందలని రాస్తున్నాను." వాచీ చూసుకుంటూ మళ్ళీ అన్నారు. "ఇంత సంఘాన్ని మోయడం నీ ఒక్కడివల్ల కాదు నాయనా. వచ్చే నెల నుంచి మా అల్లుడు చూసుకుంటాడు. మొలకెత్తించడం నీకిచ్చిన వరం. ఇంకో ఊళ్ళో మళ్ళీ మొదలుపెట్టు."

పాస్టరు నోరు తెరిచాడు. అలవాటు ప్రకారం మూసేశాడు.

పాస్టరమ్మ అదేమీ వినిపించుకోవడం లేదు. విరిగిన కుర్చీలు పోగేస్తున్న తమ్ముణ్ణి పట్టుకుంది. "మామ్మేదిరా? మనవాళ్ళేరీ?"

"వచ్చారక్కా, అందరూ వచ్చారు. లోపల చోటేదీ? మనవాళ్ళే కదా, ఏమీ అనుకోరులే అని నేనే మెట్ల దగ్గర్నుంచి పంపేశాను."

ఆమె ఫ్లాస్కుతోనే బస్టాపు దాకా పరిగెత్తింది. మామ్మ ఆస్పత్రి నీలం కోటులోనే బల్ల మీద కూర్చుని ఉంది. ఒక బస్సు వదిలేసిందో, రెండు వదిలేసిందో.

"మామ్మా, లే, పోదాం పద. హాలు ఖాళీగానే ఉంది."

"వద్దులే అమ్మగారూ. నిండిపోయిందంట కదా." మామ్మ నవ్వబోయింది. "రెండేళ్లుగా నేను చేసిన ప్రార్థన అదేనమ్మా, ఆ హాలు నిండాలని. నిండితే నాకు చోటుండదని తట్టలేదు, అంతే."

"పోనీ నాకు చెప్పు మామ్మా. ఇక్కడే చెప్పు, వింటాను."

మామ్మ చాలాసేపు తన చేతులకేసి చూసుకుంది. ఫినాయిలుకు తెల్లబడి మడతలు పడ్డ చేతులు. "దారి పొడుగునా వల్లెవేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు రావడం లేదు," అంది. అంతలో బస్సొచ్చింది. ఫ్లాస్కు మూతలో టీ పోసి చేతికి అందించేలోపే మామ్మ ఎక్కేసింది.

ఆ తర్వాతి ఆదివారం పద్నాలుగు మందిలో ముగ్గురొచ్చారు. వాళ్ళలో మామ్మ లేదు. నెల తిరిగేసరికి పాస్టరు దంపతులు సామాను సర్దుకుని వేరే ఊరు వెళ్ళిపోయారు. పెద్దయ్యగారి అల్లుడు బాధ్యతలు చేపట్టి, సంఘం దినదినాభివృద్ధి చెంది అయిదు వందలకు చేరిందని తన మొదటి నివేదిక పంపాడు. అది ఆఫీసుకు చేరేనాటికి, స్లాబు బీటలు వారిందని టైర్ల దుకాణం యజమాని ఆ హాలుకు తాళం వేసి మూడు వారాలయింది.